వాతావరణ పరిశోధనకు చట్టం వస్తే మన తీరానికి ఏం ఒరుగుతుంది?

ప్రశ్న: "బాబాయి గారూ, మాది గంజాం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. నేను ఐదో తరగతిలో ఉండగా మా తాతగారి ఇల్లు కడలిలో కలిసిపోయింది. ఇప్పుడు ఛత్రపురంలో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ డిబేటు కోసం వాతావరణ మార్పుల మీద వచ్చిన బిల్లులు చూస్తున్నాను. పరిశోధన చెయ్యాలి, ప్రభావాలు అంచనా వెయ్యాలి అని చట్టం చేస్తే మాలాంటి వాళ్ళకి నిజంగా ఏమైనా మారుతుందా? లేక బీరువాలోకి ఇంకో రిపోర్టు చేరుతుందా?"

అమ్మా, మారుతుంది. అయితే ఆ చట్టంలో తేదీ ఉండాలి, జిల్లా పేరు ఉండాలి. ఆ రెండూ లేకపోతే నువ్వు భయపడినట్టు బీరువాలోకే పోతుంది. ఎందుకంటున్నానో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

బరంపురం కోర్టులో ముప్ఫై ఏళ్ళకు పైగా వకీలుగా పనిచేశాను. అందులో చాలా భాగం తుఫాను పరిహారాలు, పట్టాలు, పడవలు వలల నష్టం కేసులతోనే గడిచింది. మన తెలుగు మత్స్యకారులు, ఒడియావాళ్ళు నోలియాలు అని పిలిచేవాళ్ళు, ఆఫీసుల్లో ఒడియా కాగితం రాయలేక నా దగ్గరికి వచ్చేవారు. ఒకసారి ఒక ఊరి నుంచి కొన్ని కుటుంబాలు కలిసి వచ్చాయి. ఇళ్ళు పోయాయి. దరఖాస్తు రాసి ఒక ఆఫీసుకు తీసుకెళ్ళాం. అక్కడి ఉద్యోగి మంచివాడే, విసుక్కోలేదు. "ఇది తుఫానా, వరదా?" అని అడిగాడు. రెండూ కాదు, సముద్రం ఏటేటా కొంచెం కొంచెం తినేస్తోంది అన్నాను. "అయితే ఏ గడిలో రాయమంటారు?" అన్నాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ కుటుంబాల్లోని ఒక ముసలామె మెట్ల మీద కూర్చుని "తుఫాను వచ్చినా బాగుండేది, బాబూ" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ గడి సంగతి నీకు తెలియాలి. 2021–26 కాలానికి చేసిన జాతీయ విపత్తు సాయం నిధి నియమాల్లో పన్నెండు విపత్తుల పేర్లు ఉన్నాయి: తుఫాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్ళు, కొండచరియలు విరిగిపడడం, మంచుచరియలు, కుంభవృష్టి, పంటల మీద చీడల దాడి, చలిగాలులు. ఇందులో ఒడ్డు కోత లేదు. ఒక్క రాత్రిలో పోయిన ఇంటికి పేరుంది, పదిహేనేళ్ళపాటు మెల్లగా పోయిన ఊరికి పేరు లేదు. ఋషికుల్య మొగ దగ్గర పోడంపేట చూశావు కదా. మొండిగోడలు మిగిలాయి, జనం వెనక్కి జరిగి కొత్త కాలనీకి పోయారు. చికిటి వైపు రామయ్యపట్నంలోనూ అదే కోత. ఇవన్నీ మన తెలుగువాళ్ళ ఊళ్ళే.

డబ్బు అసలు లేదనడానికీ లేదు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి తీరం కోత, నదీ కోత నివారణకు 1,500 కోట్లు, ఆ కోతల వల్ల ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళ పునరావాసానికి 1,000 కోట్లు విడిగా పెట్టమని సిఫారసు చేసింది. కానీ అలాంటి సొమ్ము అడగాలంటే ఏ ఊళ్ళో ఎన్ని మీటర్లు పోయింది, ఎప్పటి నుంచి, ఎన్ని కొంపలు, కారణం ఏమిటి అన్నది కాగితం మీద ఉండాలి. ఆ కాగితం తయారు చెయ్యడం ఫలానా వాళ్ళ విధి అని గట్టిగా చెప్పే చట్టం లేదు. నా దృష్టిలో అసలు లోటు అక్కడే ఉంది.

కారణం అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే డిబేటులో నిన్ను ఇరికించేది ఇదే. భూ విజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో తెచ్చిన అంచనా రిపోర్టు ప్రకారం ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993 నుంచి 2017 దాకా నీటిమట్టం ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. పాతికేళ్ళకు లెక్కేసుకో, ఎనిమిది సెంటీమీటర్లు. మీ తాతగారి ఇల్లు ఆ ఎనిమిది సెంటీమీటర్ల వల్లే పడిపోయిందని ఎవరైనా అంటే నమ్మకు. మన తీరంలో నైరుతి కాలపు అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతూ ఉంటాయి. దారిలో రాతి గోడ ఏదైనా సముద్రంలోకి అడ్డంగా నిలబడితే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు తెగుతుంది. నదుల మీద ఆనకట్టలు కడితే మొగకు చేరే ఇసుక తగ్గిపోతుంది. తుఫాను వస్తే వారంలో పోవాల్సిన ఒడ్డు ఒక్క రాత్రిలో పోతుంది. పెరుగుతున్న నీటిమట్టం వీటన్నిటికీ అడుగున ఉండి, ప్రతి పోటునూ ఇంకో అడుగు లోపలికి నెడుతుంది. దేశంలో మూడో వంతు తీరం కోతకు గురవుతోందని చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూపించింది. ఇందులో దేని వాటా ఎంతో ఊరూరికీ తేల్చగలిగేది పరిశోధన ఒక్కటే. అది లేనంత కాలం గోడ కట్టినవాడు కూడా "అంతా వాతావరణ మార్పమ్మా, ప్రపంచం మొత్తం అంతే" అని తప్పించుకుంటాడు. ఊరి తరఫున వాదించేవాడిగా నాకు పరిశోధన కావాల్సింది ముందు ఇందుకే.

ఇక చట్టాల సంగతి.

పరిశోధన చెయ్యమని, దాని ఫలితం ఎప్పటికప్పుడు ప్రజల ముందు పెట్టమని చేసిన చట్టాల్లో పేరున్నది అమెరికాది. 1990లో ప్రపంచ మార్పుల పరిశోధన చట్టం తెచ్చారు. వేర్వేరు శాఖల్లోని పరిశోధనను ఒక కార్యక్రమం కిందికి తెచ్చి, నాలుగేళ్ళు మించకుండా ఒక అంచనా రిపోర్టును కాంగ్రెసుకూ (అంటే అక్కడి పార్లమెంటుకు) అధ్యక్షుడికీ ఇవ్వాలన్నారు. వ్యవసాయం, నీళ్ళు, ఆరోగ్యం, ప్రాణికోటి మీద ఏ ప్రభావం పడుతుందో అందులో చెప్పాలి. మొదటి రిపోర్టు 2000లో వచ్చింది. రెండోది 2004కి రావాలి, రాలేదు. పర్యావరణ సంఘాలు కోర్టుకు వెళ్ళాయి. 2007 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఫెడరల్ జడ్జి సాండ్రా బ్రౌన్ ఆర్మ్‌స్ట్రాంగ్ "చట్టంలో గడువు ఉంది, మీరు దాటారు, 2008 మే 31 లోపు ఇవ్వండి" అని తీర్పు చెప్పారు. మే నెలాఖరుకు రిపోర్టు బయటికి వచ్చింది. ఇక్కడే నీ ప్రశ్నకు జవాబు ఉంది. తేదీ రాసి ఉండబట్టే పౌరుడు కోర్టు గుమ్మం ఎక్కగలిగాడు. "తగిన సమయంలో", "వీలు వెంబడి" అని రాసి ఉంటే ఆ కేసు మొదటి వాయిదాలోనే కొట్టేసేవారు. ముప్ఫై ఏళ్ళ వకీలు మాటగా ఇది రాసుకో.

అదే 2007లో ఆ 1990 చట్టాన్ని సరిచెయ్యడానికి మార్క్ ఉడాల్, బాబ్ ఇంగ్లిస్ అనే ఇద్దరు సభ్యులు ఒక బిల్లు పెట్టారు. ఒకరు డెమొక్రాట్, ఇంకొకరు రిపబ్లికన్. పరిశోధన శాస్త్రవేత్తల మధ్యే తిరగకుండా రాష్ట్రాలకూ స్థానిక పాలకులకూ పనికొచ్చేలా ఉండాలన్నది దాని సారం. అది చట్టం కాలేదు. అయినా ఆ ఆలోచన మనకు చాలా అవసరమైనది.

చట్టం ఉంటే చాలు అనుకోకు. 2025లో అదే దేశంలో ఆరో రిపోర్టు రాస్తున్న నిపుణులందరినీ ఏప్రిల్‌లో ఇంటికి పంపేశారు. పాత రిపోర్టులున్న వెబ్‌సైటు కూడా కొన్ని నెలల్లోనే కనబడకుండా పోయింది. చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది. అందుకే మన దగ్గర ఎవరైనా బిల్లు రాస్తే, ప్రతి రిపోర్టు నకలూ జిల్లా గ్రంథాలయంలో, పంచాయతీ ఆఫీసులో, విశ్వవిద్యాలయంలో ఉండి తీరాలని రాయాలంటాను. ఒక్క చోట మూత పడితే అంతా మాయమయ్యే ఏర్పాటు పనికిరాదు.

బ్రిటన్ 2008 చట్టం అయిదేళ్ళకోసారి ముప్పుల అంచనా పార్లమెంటు ముందు పెట్టమంది. 2012, 2017, 2022లో పెట్టారు. నాకు వీటన్నిటికంటే నచ్చింది జపాను 2018 చట్టం. అక్కడ సుమారు అయిదేళ్ళకోసారి ప్రభావాల అంచనా కేంద్రం వేస్తుంది, దాంతోపాటు స్థానిక ప్రభుత్వాలు తమ తమ ప్రణాళికలు రాసుకోవాలి, ప్రాంతీయ కేంద్రాలు పెట్టుకుని తమ నేల సమాచారం పోగు చేసుకోవాలి అని ప్రోత్సహించారు. టోక్యోలో కూర్చుని తీరంలోని పల్లెకు సలహా రాయలేమని వాళ్ళు ఒప్పుకున్నారు.

మన దేశంలో ఏం జరిగిందో చూడు. 2008 జూన్ 30న జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించారు, ఎనిమిది మిషన్లు. అందులో ఒకటి వాతావరణ మార్పుల మీద జ్ఞానాన్ని పెంచడానికే పెట్టారు. 2010లో జైరాం రమేష్ పర్యావరణ మంత్రిగా ఉన్నప్పుడు నాలుగు రంగాలు, నాలుగు ప్రాంతాలు తీసుకుని 2030ల నాటికి ఏమవుతుందో చెప్పే అంచనా వచ్చింది. ఆ తర్వాత దేశం మొత్తానికి అలాంటి పెద్ద పని మళ్ళీ 2020లోనే. దానిలోనూ ప్రధానంగా వానలు, ఎండలు, సముద్రం ఎలా మారాయన్న శాస్త్రమే ఉంది. వేసవి రుతుపవనాల వాన 1951–2015 మధ్య దాదాపు 6 శాతం తగ్గిందన్నది అందులోంచే. చాలా మంచి పని. కానీ ఎవరి బతుకులో ఏం పోయిందన్నది దాని పని కాదు. మూడోది ఎప్పుడు? చెప్పే చట్టం లేదు. మంత్రికి శ్రద్ధ ఉంటే వస్తుంది, లేకపోతే రాదు.

ఇంకో సంగతి నన్ను బాగా బాధపెట్టింది. 2010 అంచనాలో తీసుకున్న నాలుగు ప్రాంతాలు హిమాలయాలు, పడమటి కనుమలు, తీరం, ఈశాన్యం. తూర్పు కనుమలు లేవు. మన మహేంద్రగిరి లేదు, గజపతి జిల్లా కొండలు లేవు, రాయగడ, కొరాపుట్ లేవు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. దాటాక ఎప్పుడూ పోయే దారిన పోకుండా ఈశాన్యానికి తిరిగి గజపతి, గంజాం కొండల మీద కుమ్మరించింది. తుఫాను అంటే తీరం అనే మనకు అలవాటు. షెల్టర్లన్నీ తీరంలో, హెచ్చరికలన్నీ తీరానికి. పర్లాకిమిడి అవతల బరఘర అనే ఊళ్ళో వానకు తడవకుండా కొండగుహలో తలదాచుకున్న కుటుంబాల మీద కొండచరియ కూలింది. ఎవరినీ నిందించాలని చెప్పడం లేదు. 1999లో పెను తుఫానుకు దాదాపు పదివేల మంది పోయిన ఈ రాష్ట్రమే 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తాకినప్పుడు పది లక్షల మందికి దగ్గరగా ముందే తరలించి ప్రాణాలు కాపాడింది. నేర్చుకుంటే ఎంత చెయ్యగలమో అది సాక్ష్యం. అదే శ్రద్ధతో కొండ జిల్లాల్ని కూడా ముందే చూసి ఉంటే, కొండకు తుఫాను వస్తే ఏమవుతుందని ఎవరో ఒకరు అధికారికంగా అడిగి ఉంటే, అన్నది నా ఆవేదన.

వంశధార సంగతి కూడా ఇందులోదే. ఆ నీళ్ళు ఒడిశా, ఆంధ్ర చెరి సగం పంచుకోవాలని 1962లో ఒప్పందం. 115 టీఎంసీలు ఉంటాయన్నది లెక్క. ట్రిబ్యునల్ 2017లో తీర్పు ఇచ్చింది. పంపకం అంతా గతంలో పారిన నీటి మీద జరిగింది. ముందు ముందు కొండల్లో వాన తీరు మారితే ఒడిశాలో కాశీనగర్ దగ్గర కొలిచే నీళ్ళు, ఆంధ్రలో గొట్టా బ్యారేజీ దగ్గరికి చేరే నీళ్ళు ఎలా ఉంటాయో రెండు రాష్ట్రాలూ కలిసి లెక్క కట్టాలన్న బాధ్యత చట్టంలో ఉండాలి. ఏరుకు సరిహద్దు తెలియదు. వరదొస్తే ముందు గజపతి, గంటల్లో శ్రీకాకుళం.

నువ్వు చదువుతున్న బిల్లుల విషయం త్వరగా చెప్పేస్తాను. జయంత్ సిన్హా 2021 మార్చిలో నెట్ జీరో బిల్లు, అంటే గాలిలోకి వదిలే కర్బనం, తిరిగి తీసేసే కర్బనం సమానం కావాలనే బిల్లు పెట్టారు. అస్సాం నుంచి ప్రద్యుత్ బొర్దొలోయ్ 2022లో వాతావరణ వలసదారుల రక్షణ, పునరావాసం బిల్లు పెట్టారు. ఇల్లు కడలిలో కలిసిన ఊరి పిల్లగా ఆ రెండోది తప్పకుండా చదువు, మీ కథే అది. రెండూ ప్రైవేటు మెంబర్ల బిల్లులు, అంటే మంత్రులు కాని సభ్యులు పెట్టేవి. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోమనను. ప్రభుత్వం తర్వాత తెచ్చే చట్టాల్లోకి వాటి మాటలు చేరతాయి, అది వాటి ఉపయోగం.

చేతిలో ఉన్న పిడి వేరే ఉంది. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు బట్టమేక పిట్టను కాపాడమని వేసిన రంజిత్‌సింహ్ కేసులో, వాతావరణ మార్పుల చెడు ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగం 14, 21 అధికరణాల్లో (సమానత్వం, జీవించే హక్కు) ఉందని చెప్పింది. ఒక పిట్ట కేసులో ఆ మాట రావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. దీనికంటూ సమగ్రమైన చట్టం దేశంలో లేదని కూడా అదే తీర్పు గుర్తించింది. ఆ తర్వాత 2025లో విపత్తు నిర్వహణ చట్టానికి చేసిన సవరణ చూడు. జాతీయ స్థాయిలోనూ రాష్ట్ర స్థాయిలోనూ విపత్తుల డేటాబేస్ పెట్టాలని, నష్టం, ఖర్చు, ముప్పుల వివరాలు అందులో ఉండాలని రాశారు. పత్రికలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. నేనైతే నీ డిబేటులో దీనితోనే మొదలుపెడతాను. మెల్లగా వచ్చే నష్టాలు, అంటే కోత, ఉప్పు ఎక్కిన పొలం, వేడి, వీటిని కూడా ఆ డేటాబేస్‌లో జిల్లావారీగా రాయాలని, అయిదేళ్ళకోసారి అంచనా వేసి శాసనసభ ముందు పెట్టాలని ఒక్క సెక్షను చేరిస్తే చాలు. పరిశోధనకు డబ్బు లేదంటారా, 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం చేశారు, పర్యావరణ, భూ శాస్త్రాలు దాని పరిధిలోనే ఉన్నాయి. బరంపురంలో విశ్వవిద్యాలయం ఉంది, కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది. కొలవడానికి మనుషులు ఇక్కడే ఉన్నారు.

రాష్ట్రం అంతవరకూ ఆగనక్కర్లేదు కూడా. విపత్తు నిధిలో పది శాతం దాకా రాష్ట్రం తాను ప్రకటించిన స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. ఒడిశా అలాగే పిడుగుపాటును, వడగాడ్పును, పాముకాటును, పడవ ప్రమాదాన్ని తన జాబితాలో చేర్చుకుంది. 1998 ఎండలకు రెండు వేల మందికి పైగా పోయిన రాష్ట్రం కాబట్టి వేడి విలువ దానికి తెలుసు. కేరళ తీరం కోతను చేర్చుకుంది. మనకూ అది కావాలని అడగడం న్యాయం.

అడగడం ఎలా అంటావు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నపం ఇచ్చుకునే హక్కు ఉంది. తెలుగులో రాస్తే తీసుకోం అని ఎవరన్నా అంటే ఆ నంబరు చెప్పు. లోక్‌సభ పిటిషన్ల కమిటీకి కూడా రాయవచ్చు. దానికి ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం జత చెయ్యాలి, ఎంపీ గారి ద్వారా పెడితే వారి సంతకం ఉండాలి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షను సమాచారాన్ని స్థానిక భాషలో అందించమంటోంది, మీ తీరం మ్యాపులు అడగడానికి అది పనికొస్తుంది.

వీటన్నిటికంటే ముందు ఒక పని చెయ్యి. మీ ఊళ్ళో కదలనిది ఏదుందో చూసుకో. గంగమ్మ గుడి అరుగో, కరెంటు స్తంభమో, బోరింగో. దాని దగ్గర నుంచి పోటు నీళ్ళు ఎక్కిన గీత దాకా టేపు పెట్టి కొలు. ప్రతి పున్నమికి, అమావాస్యకి అదే చోట. తేదీ, కొలత, పక్కన ఇద్దరు పెద్దల సంతకాలు, టేపు కనబడేలా ఒక ఫోటో. ముసలివాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళ చిన్నప్పుడు తెప్పలు ఎక్కడ లాగి పెట్టేవారో, వలలు ఎక్కడ ఆరేసేవారో, తాబేళ్ళు ఎక్కడ దాకా ఎక్కేవో అడిగి రాయి. ఆ ముసలామె నా దగ్గరికి వచ్చిన రోజున ఇలాంటి పుస్తకం ఒక్కటి ఉన్నా ఆ దరఖాస్తు వేరేలా రాసేవాణ్ణి.

కార్తీక పున్నమికి ఊరంతా ఒడ్డునే ఉంటారు కదా, ఆ రోజు మొదటి కొలత తీయండి. విన్నపం తెలుగులో నువ్వే రాసి పంపు. ఒడియాలోకి, ఇంగ్లీషులోకి నేను మార్చిపెడతాను.